పెంచలమ్మ కాలు, ఉదయగిరిలో మూడు ప్రసంగాలు

ఆత్మకూరులో మా వీధి చివర పెంచలమ్మ ఇల్లు. కొడుకుతో కలిసి నలభై రెండు గొర్రెలు, ఏడు మేకలు సాకుతుంది. నేను ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. వయసులో నాకన్నా ఆరేళ్ళు చిన్నదైనా ఈ వీధిలో నా మాటకు ఎదురు చెప్పేది ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్ళుగా ఆమెకు షుగర్ ఉంది. నెల కిందట ఎడమ కాలు ఈడుస్తూ నడవడం మొదలుపెట్టింది. అడిగితే "ముల్లు గుచ్చుకున్నిందిలే అక్కా, అదే పోతాది" అంది. పాదానికి గుడ్డ చుట్టి, దాని మీద కొడుకు పాత మేజోడు తొడుక్కుని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాళ్ళ అక్కకు ఇలాగే బొటనవేలి పుండుతో మొదలై చివరకు మోకాలి కింద దాకా తీసేశారు. అందువల్ల కాలు చూపిస్తే కాలు పోతుందని ఆమె నమ్మకం. చూపించకపోతేనే పోతుందని నా భయం. ఆ నెలలో పదకొండు సార్లు ఆసుపత్రికి రమ్మన్నాను. పదకొండు సార్లూ గొర్రెలకు నీళ్ళు పెట్టాలని లేచి వెళ్ళిపోయింది.

అలాంటి సమయంలో నెల్లూరులో నర్సింగ్ చదివే మా మనవరాలు ఫోనుకు ఒక కరపత్రం పంపింది. ఉదయగిరిలో ఒక కల్యాణ మండపంలో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి మూడు ప్రసంగాలు. పెద్ద వయసులో చదువు నేర్చుకోవడం గురించి మొదటిది, షుగర్ ఉన్నవాళ్ళ పాదాల గురించి రెండోది, నిద్ర, దిగులు గురించి మూడోది. భోజనం తర్వాత ఉచితంగా పాదాల పరీక్ష. ఆ చివరి వాక్యం చదివిన వెంటనే పెంచలమ్మ ఇంటికి నడిచాను. "ఉదయగిరిలో చదువు గురించి మంచి ప్రసంగం ఉంది, తోడు రా. అక్కడ చెక్క గరిటెలు కూడా కొనుక్కోవచ్చు" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. మూడింటిలో ఒకటి మాత్రమే చెప్పాను. ఉదయగిరి చెక్క గరిటెల పేరు వినగానే ఆమె ఒప్పుకుంది.

ఆత్మకూరు బస్టాండులో ఆరూ నలభైకి ఉదయగిరి పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బులు లేవు, కానీ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. పెంచలమ్మ కార్డు మూడు సంచుల అడుగున, ఆకు వక్కల పొట్లం కింద దొరికింది. అంతసేపూ కండక్టరు ఓపిగ్గా నిలబడ్డాడు. "కార్డు దాచుకోను ఇంత జాగ్రత్త ఏందమ్మా, బంగారమా అది?" అన్నాడు. "బంగారమైతే ఇంట్లోనే పెట్టొస్తాను గదబ్బా" అంది ఆమె. ఊరు దాటిన తర్వాత వరి మళ్ళు తగ్గి ఎర్ర నేల మొదలవుతుంది. అక్కడక్కడా నిమ్మ తోటలు, రాళ్ళ గుట్టలు, రోడ్డు పక్కన మేతకు బయల్దేరిన మందలు. ప్రతి మందనూ పెంచలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. "ఆ వెనకది కుంటతా ఉండాది చూడక్కా. వాడికి కండ్లు లేవా?" అంది ఒకచోట. ఆమె కుంటే కాలు సీటు కింద సంచి వెనక దాక్కుని ఉంది.

ఎనిమిదీ నలభైకి ఉదయగిరి చేరాం. బస్సు దిగగానే దుర్గం కొండ ఊరి మీదికి వంగినట్టు కనిపిస్తుంది. పొద్దుటి ఎండకు కొండ రాళ్ళు రాగిరంగులో ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ రెండు నిమిషాలు నిలబడాలనిపిస్తుంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు, నాలుగు ఇడ్లీలు, నెయ్యి లేని కారప్పొడి. పెంచలమ్మ మూడోసారి చట్నీ అడిగితే కొట్టామె "ఇడ్లీ కంటే చట్నీ ఎక్కువైపోతా ఉండాది పెద్దమ్మా" అని నవ్వుతూనే వేసింది. మండపం నడవగలిగే దూరమే కానీ, ఆమె కాలు చూసి ఆటో పిలిచాను. మనిషికి ఇరవై. ఆటో అబ్బాయి "ఏం మీటింగవ్వా? బిర్యానీ ఉండాదా?" అని అడిగాడు. "కొర్రన్నం పెడతారట" అన్నాను. "అయితే జనం రారు" అని తేల్చేశాడు.

అతని లెక్క తప్పింది. తొమ్మిదిన్నరకే కుర్చీలు చాలవేమోనని గోడల వెంట చాపలు వేస్తున్నారు. వింజమూరు, జలదంకి వైపు నుంచి కూడా జనం వచ్చారు. రైతులు, బడి పిల్లల తల్లులు, చంకలో మందుల చీటీల సంచులు పెట్టుకున్న ముసలివాళ్ళు. ఆదివారం పొద్దున ఇంతమంది తెలుసుకోవడానికి వచ్చి కూర్చోవడం చూసి నాకు బడి మొదటి రోజు వచ్చే హుషారు వచ్చింది. నోటు పుస్తకం తీసి మూడో వరుసలో కూర్చున్నాను. పెంచలమ్మ గుమ్మం పక్క కుర్చీ చూసుకోబోతే చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

మొదట మాట్లాడినామె హాస్టల్లో వంట చేసి మానేసిన మనిషి. అరవై ఏళ్ళు దాటాక బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకుందట. వేదిక మీద కాగితం లేదు, కంగారు లేదు. "నాకు ముందు వచ్చిన అక్షరం 'క'. కావలి బస్సు తప్పిపోతే ఇంటికి చేరేదాన్ని కాదు, అందుకని" అంది. హాలంతా నవ్వింది. ఆ తర్వాత, బియ్యం బస్తా మీద ఉన్న బరువు తానే చదివి, రెండు కిలోలు తక్కువ ఇచ్చిన వ్యాపారిని నిలదీసిన రోజు గురించి చెప్పింది. "నేను చదువుకున్నదాన్నని ఆ పొద్దు వాడికి తెలిసింది. నాకు గూడా అప్పుడే తెలిసింది" అన్నప్పుడు నేను చప్పట్లు కొట్టడం ఆపలేకపోయాను. ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను, చదువు ఎందుకో ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. పెంచలమ్మ కూడా చప్పట్లు కొట్టింది. "ఈమె బాగా మాట్లాడతాది, నీ మాదిరి గదమదు" అని నా చెవిలో చెప్పింది.

పదకొండుంపావుకు డాక్టరమ్మ లేచింది. నెల్లూరు నుంచి వచ్చిన ముప్పై అయిదేళ్ళ మనిషి. మాట మాత్రం ఈ పక్క పల్లెదే. తెర మీద పుండు పడ్డ పాదాల బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. మూడో బొమ్మకు పెంచలమ్మ తల దించుకుంది. అయిదో బొమ్మకు సంచి భుజానికి తగిలించుకుంది. "చదువు మీటింగని గదా చెప్పినావు" అంది మెల్లగా. "నేను పోయి గరిటెలు కొంటాను, నువ్వు వినిరా" అని లేచింది. ఆమె ఆ గుమ్మం దాటితే మళ్ళీ ఈ మాట ఎత్తనివ్వదని నాకు తెలుసు. కొంగు పట్టుకున్నాను, విదిలించుకుంది.

అప్పుడే డాక్టరమ్మ బొమ్మలు ఆపేసింది. హాల్లో దిగాలు ముఖాలు చూసిందేమో. "ఈ బొమ్మలు చాలు. మీలో గొర్రెలు, మేకలు ఉండేవాళ్ళు ఎంతమంది?" అని అడిగింది. సగం హాలు చేతులెత్తింది. నిలబడే ఉన్న పెంచలమ్మ చెయ్యి కూడా అలవాటుగా లేచింది. "మందలో ఒక గొర్రె కుంటిందనుకోండి, ఏం చేస్తారు?" ముందు వరుసలో తలపాగా పెద్దాయన ఒకరు "ఏముంది, కాలికి ఇంత మందు పూసి మందలో తోలేస్తాం" అన్నాడు.

పెంచలమ్మ ఆగలేకపోయింది. "పూసి తోలేస్తే ఎట్టా నాయనా? ముందు చూడాల గదా" అంది. గొంతు హాలు చివరిదాకా వినపడింది. డాక్టరమ్మ మైకు పంపించింది. పెంచలమ్మ దాన్ని గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుని పాఠం మొదలుపెట్టింది. కుంటిన గొర్రెను మందలోంచి వేరుచేయాలి. వెనక్కి తిప్పి పిరుదుల మీద కూర్చోబెట్టి, దాని వీపు మన మోకాళ్ళకు ఆనించుకోవాలి. అప్పుడది తన్నదు. గిట్టల సందులో బొటనవేలు పెట్టి తడమాలి, వేలు వాసన చూడాలి. ముల్లుంటే తీయాలి, పెరిగిన గిట్ట కోయాలి, కడగాలి. అదంతా అయిన తర్వాతే మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళు. ఆరిన నేల మీద కట్టేయాలి. "చూడకుండా మందు పూస్తే పైన మానినట్టే ఉంటాది, లోపల కుళ్ళిపోతాది. మా మందలో ఒక్కదానికి కూడా కాలు పోలేదు" అంది. పెద్దాయన తలపాగా సర్దుకుని "నిజమేలే" అన్నాడు.

"కుంటిన ఎన్నాళ్ళకు చూస్తారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఎన్నాళ్ళేంది? ఆ పూటే చూస్తాం" అంది పెంచలమ్మ. డాక్టరమ్మ వేదిక మీది నుంచి ఆమె మేజోడు వైపు చూసింది. గొంతు పెంచలేదు, నవ్వలేదు. "మరి మీ కాలు ఎవరు తిప్పి చూసినారు?" అంది.

పెంచలమ్మ మైకు పక్కవాళ్ళ చేతిలో పెట్టి కూర్చుంది. సంచి మళ్ళీ భుజానికి తగిలించుకోలేదు. మిగిలిన ప్రసంగం అంతా విన్నది, కానీ నా వైపు తిరగలేదు. షుగర్ ఎక్కువ కాలం ఉంటే పాదానికి స్పర్శ పోతుందని, నొప్పి లేదంటే బాగైనట్టు కాదని, అరికాలు రోజూ అద్దంలోనైనా చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అన్నీ రాసుకున్నాను.

భోజనం కొర్రన్నం, ముద్దపప్పు, గోంగూర, పల్చటి మజ్జిగ. వడ్డించే వంటాయన ప్రతి ఒక్కరికీ "తినండి, అన్నం మాదిరే ఉంటాది" అని నచ్చచెబుతున్నాడు. "నువ్వు తిన్నావా?" అని అడిగాను. "నాకు ఇంట్లో చేపల పులుసు చేసి పెట్టినారమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. ఇంకో రోజైతే పెంచలమ్మ అతన్ని వదిలేది కాదు. ఆ పూట విస్తరిలోకే చూస్తూ తింది. చెయ్యి కడుక్కుని వచ్చి "ఆ పరీక్ష యాడ చేస్తారు?" అని అడిగింది. నన్ను కాదు, వంటాయన్ని.

వరుసలో మా నంబరు ముప్పై ఎనిమిది. మూడో ప్రసంగం, నిద్ర గురించినది, కిటికీలోంచి సగమే వినపడింది. పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద రాసేస్తే మనసు తేలికపడుతుందన్న మాట మాత్రం పట్టుకున్నాను. మా వంతు మూడున్నరకు వచ్చింది. పెంచలమ్మ కుర్చీలో కూర్చుని కాలు తానే స్టూలు మీద పెట్టింది. గుడ్డ విప్పితే పాదమంతా నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. "ఏందమ్మా ఇది?" అంది డాక్టరమ్మ. పెంచలమ్మ నేలచూపులు చూస్తూ "మైలుతుత్తం. గొర్రెలకు పెట్టేదే" అంది. నెల రోజులుగా రోజూ పూసుకుందట. అరికాలు వంగి చూసుకోలేదు, కొడుక్కు చూపిస్తే ఆసుపత్రికి ఎత్తుకుపోతాడని చూపించలేదు. ఇందాక హాలంతటికీ చేయొద్దని చెప్పిన పనే ఇది. నాకు గదమాలని నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ ముఖంలో కోపం లేకపోవడం చూసి మింగేశాను.

డాక్టరమ్మ మందు కడిగి, స్పర్శ ఉందో లేదో చూడడానికి సన్నటి నైలాను దారంతో వేళ్ళు ఒక్కొక్కటే తాకింది. మూడు వేళ్ళకు తెలియలేదు. బొటనవేలి మొదట్లో పుండు, దాని అంచున నల్లగా తుమ్మముల్లు మొన. పట్టకారుతో పైకి లాగితే చిటికెన గోరంత ముక్క వచ్చింది. పెంచలమ్మ దాన్ని చూసి "నెలంతా దీన్ని తొక్కుకుంటా తిరిగినానా? నొప్పే తెలీలేదే" అంది. తర్వాత అడగాల్సింది అడిగింది. "కాలు తీస్తారా?" "ఎముక దాకా పోయిందా లేదా అని రేపు ఎక్స్‌రేలో చూడాలి. పోకపోతే కాలికి భయం లేదు. ఇంకో నెల ఇట్టనే పూసుకుంటా ఉంటే మాత్రం నేనీ మాట చెప్పలేను" అంది డాక్టరమ్మ. రేపు పొద్దున్నే ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసి, కట్టు కట్టింది. పెంచలమ్మ లేవకుండా నా వైపు వేలు చూపించింది. "ఈమెది గూడా చూడు డాక్టరమ్మా. ఊరందరికీ చెప్తాది గానీ, తనెప్పుడూ చూపించుకోదు." నిజమే. కూర్చున్నాను. నా మడమ పగుళ్ళకు ఒక చీటీ, రక్తపరీక్ష చేయించుకోమని ఇంకో చీటీ వచ్చాయి.

నాలుగ్గంటల బస్సు పోయింది. అయిదుంపావు బస్సు దాకా ఉన్న సమయంలో చెక్క సామాన్ల దుకాణానికి వెళ్ళాం. ఆమె రెండు గరిటెలు, ఒక అట్లకాడ కొంది. మూడూ కలిపి నూట ఎనభై చెబితే నూట అరవైకి తెగింది. బస్సులో కాసేపటికి "ముందే చెప్పుంటే రానని గదా చెప్పలేదు?" అంది. అవునన్నాను. "రాకపోదును" అని ఒప్పుకుని, నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది.

మర్నాడు ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. రెండు వారాల మందులు, రోజు విడిచి రోజు కట్టు. ఇది రాసేనాటికి పుండు పూడుతోంది. ఇప్పుడు ఆమె కొడుకు పొద్దుగూకే ముందు మంద కాళ్ళు చూసుకుని, చివర్లో తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి అరికాళ్ళు తిప్పి చూస్తాడు. "నా వంతు ఎప్పుడూ ఆఖరే" అని ఆమె సణుగుతుంది. నేను పదకొండు సార్లు చెప్పిన మాటలో తప్పేమీ లేదు. కానీ అందులో ఆమెకు ముందే తెలిసింది ఒక్కటీ లేదు. డాక్టరమ్మ ఆమెకు బాగా తెలిసినదే ఆమె చేత చెప్పించింది. పాఠం చెప్పేవాళ్ళందరూ ఇలాంటి ప్రసంగాలకు ఒకసారైనా వెళ్ళి, కింద కుర్చీలో కూర్చుని వినాలి. నేనిక ఎక్కడ జరిగినా వెళ్తాను.

మీరూ ఇలాంటి సభకు వెళ్ళేటట్టయితే, చేరగానే పరీక్షకు పేరు రాయించుకోండి. భోజనాల దాకా ఆగితే మాలాగా సాయంత్రం అవుతుంది. వెంట ఒక మడత కుర్చీ కూడా పట్టుకెళ్ళండి. ఆ వరుసలో నిలబడేవన్నీ నొప్పి కాళ్ళే.