కీబోర్డు ముట్టని గంగాకిషన్ సార్

గంగాకిషన్ సార్ ఇంకొకరి కీబోర్డు ముట్టరు. ఆయన గురించి చెప్పుకోదగ్గ సంగతి ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి పుట్టిన పిల్లలు. ఆర్మూర్‌లో పెర్ల్ ప్రోగ్రామింగ్ నేర్పే మనిషి ఆయనొక్కరే. నేర్చుకునేవాళ్లు తప్పు రాసి, తల పట్టుకుని, "సార్, జర చూడుండ్రి" అని పిలిస్తే లేచి వస్తారు. కుర్చీ వెనక నిలబడతారు. రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుంటారు.

"ఎర్రర్ చదువు. గట్టిగ చదువు."

చదివితే, ఇంకోసారి అంటారు. ఇంకోసారి చదివితే, మూడోసారి అంటారు. ఈలోగా తప్పు దానంతటదే సిగ్గుపడి బయటికి రావాలి. రాకపోతే నాలుగోసారి.

ఈ పెర్ల్‌ను ఆయన మస్కట్ నుంచి తెచ్చుకున్నారు. అక్కడ ఒక కంపెనీ కంప్యూటర్ గదిలో పన్నెండేళ్లు దానితోనే కాపురం చేశారు. "అందరు మస్కట్ నుంచి బంగారం తెచ్చిండ్రు, మా ఆయన గిది తెచ్చిండు" అని ఆయన భార్య రత్నవ్వ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. ఆమె కోపానికి కారణం లేకపోలేదు. ఒకరోజు "మిక్సీ తిరుగుతలేదయ్యా" అంటే, ఆయన వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, "ఆగిపోయేముందు ఎట్ల చప్పుడు చేసింది? నువ్వు చేసి చూపెట్టు" అన్నారు. రత్నవ్వ చేసి చూపెట్టింది. మిక్సీ చప్పుడు కాదు, వేరేది.

క్లాసు ఒక పురుగుమందుల దుకాణం మీది అంతస్తులో. దుకాణం యజమాని నడిపయ్య. పైన పదిమంది పొద్దస్తమానం ఎర్రర్లు గట్టిగా చదువుతుంటే, ఆరేళ్లలో ఆయనకు సగం పెర్ల్ వచ్చేసింది. మనీష్ అనే బీటెక్ కుర్రవాడు ఒకసారి పన్నెండో లైన్లో తప్పుందని కంప్యూటర్ అంటోందని అరగంట అరిచాడు. పన్నెండో లైను అద్దంలా ఉంది. సార్ ఇంకోసారి చదవమన్నారు. చివరికి కింద నుంచి నడిపయ్యే ఓపిక పట్టలేక కేకేశాడు.

"పోరడా! లొల్లి చేసేటోడు పన్నెండో ఇంట్లున్నా, దొంగ పదకొండో ఇంట్లుంటడురా! పై లైను కొసకు సెమికోలన్ పెట్టినవా?"

పెట్టలేదు. సార్ మెట్ల దాకా వెళ్లి, కిందికి వంగి, "నడిపయ్యా, ఇంకోసారి జవాబు చెప్తే నీ దగ్గర ఫీజు వసూల్ చేస్త" అన్నారు.

మోర్తాడ్ నుంచి రోజూ బస్సులో వచ్చే స్వర్ణలతకు మొదటివారమే ఈ వైద్యం తగిలింది. వాళ్లమ్మ బీడీలు చుట్టి డిగ్రీ చదివించిన పిల్ల. పేరడిగి, "స్వర్ణలత" అని కొడితే నమస్తే చెప్పమని చిన్న ప్రోగ్రాం రాసింది. పేరు కొట్టింది. "నువ్వెవరో నాకు తెలియదు" అంది కంప్యూటర్. ఇంకోసారి కొట్టింది. అదే మాట.

"సార్, నా పేరు నాకే రాదంటుంది."

"పేరుకు ముందొక బ్రాకెట్, వెనకొక బ్రాకెట్ పెట్టి ప్రింటు కొట్టు. ఏమొచ్చిందో చదువు."

ముందు బ్రాకెట్ పేరు పక్కనే ఉంది. వెనక బ్రాకెట్ కింది లైనులో ఒంటరిగా పడి ఉంది.

"అది కిందికెందుకు దునికింది?"

స్వర్ణలత పదినిమిషాలు దాన్నే చూసింది. పేరు కొట్టాక తను నొక్కిన ఎంటర్ కూడా పేరుకు అంటుకునే లోపలికి పోయిందని, పసుపు తవ్విన చేతికి రంగులా అది కడిగితే తప్ప పోదని తనకు తనే అర్థమైంది. కడగడానికి ఛోంప్ అనే మాట ఒకటుందని పుస్తకంలో వెతుక్కుంది. ఆ రోజు సార్ మీద వచ్చిన కోపం మోర్తాడ్ బస్సు దిగినా తగ్గలేదు. ఛోంప్‌ను మాత్రం మళ్లీ మరిచిపోలేదు.

గురువు దేవుడు, గురువు దీపం అని ఉపన్యాసాలిచ్చేవాళ్లను ఒక్కరోజు ఆయన ముందు కూర్చోబెట్టాలి. దీపం చేతికిస్తే కదా! గురుపూజ నాడు పిల్లలు శాలువా కప్పితే, దాంతో మానిటర్ల దుమ్ము తుడిచి, "దీనికి పెట్టిన పైసలతోటి ఒక మౌస్ కొనకపోయిండ్రా" అన్నారు.

ఆరు నెలల తర్వాత స్వర్ణలతకు ఊరి బయట భూమేశ్వర్ సేటు పసుపు గోదాంలో పని దొరికింది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారు. రైతు పసుపు తెచ్చి దింపితే గేటు దగ్గర నంబర్ వేసి చీటీ ఇస్తారు. ఎవరి సంచులు ఏ గదిలో ఉన్నాయో లిస్టు తీయడం ఆమె పని. దానికి సొంతంగా పెర్ల్‌లో ప్రోగ్రాం రాసింది. మూడో నెల చివరి శనివారం లిస్టు తీస్తే, చీటీలు రెండు వందల పద్నాలుగు, లిస్టులో పేర్లు నూట ముప్పై ఒకటి. ఎనభై మూడు చీటీలు గాలికి పోయాయి.

"సోమవారం పొద్దుగాల లారీలొస్తున్నయి" అన్నాడు భూమేశ్వర్ సేటు. "లిస్టుల లేనోని పసుపు లారీ ఎక్కది. రైతులు నన్ను గోదాంల పెట్టి తాళమేస్తరు. నీతోటి కాకుంటె చెప్పు బిడ్డా, తెలిసినోళ్లను పిలిపిస్త. తర్వాత నువ్వు రాకున్నా పర్వాలేదు."

ఆదివారం పొద్దున స్వర్ణలత లాప్‌టాప్‌తో క్లాసు మెట్లెక్కింది.

"సార్, ఈ ఒక్కసారి మీరే చూడుండ్రి. మీ కాళ్లు మొక్కుత. నా నౌకరి పోతది."

సార్ వచ్చారు. కుర్చీ వెనక నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. తెరను ఒక్కసారి పైనుంచి కిందికి చూశారు.

"ఎర్రర్ చదువు."

"ఎర్రర్ లేదు సార్."

"లేదా?"

"ఒక్కటి సుత లేదు. మంచిగనే నడుస్తుంది. మనుషులే మాయమైతుండ్రు."

క్లాసు మొత్తం తిరిగి చూసింది. ఆరేళ్లలో మొదటిసారి సార్ మందు పనిచేయని రోగం వచ్చింది. మనీష్ ముఖంలో పండుగ కనిపించింది. కింద నుంచి నడిపయ్య, "ఏంది సారూ, చప్పుడు లేదు? బంద్ పెట్టిండ్రా?" అని అడిగాడు.

"ఎర్రర్ లేకుంటె వచ్చింది చదువు" అన్నారు సార్. "అన్ని పేర్లు. ఊరుతోటి సహా, సంచులతోటి సహా."

"నూట ముప్పై ఒకటి సార్!"

"గట్టిగ."

స్వర్ణలత కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతులో మాత్రం కోపమే పలికింది. ఆ కోపంతోనే మొదలుపెట్టింది. పేరు, ఊరు, సంచులు. కింద మందుల కోసం వచ్చిన రైతులకు ఈ పిలుపు వినబడింది. లిస్టులో తన పేరు వినకుండా ఏ రైతు మాత్రం కదులుతాడు? ఒక్కొక్కరే మెట్లెక్కి గుమ్మం దగ్గర గుమిగూడారు. వెనక బెంచీ మీద మనీష్ పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. సార్ వీపు వెనక చేతులు ఊరికే లేవు. పది వేళ్లూ గాలిలో టకటకా టైపు కొడుతున్నాయి.

"గంగారెడ్డి, మోర్తాడ్, ఏడు సంచులు. రాజన్న, ఆర్మూర్..."

"ఆగు బిడ్డా" అన్నాడు గుమ్మంలోంచి ఒక పెద్దమనిషి. "నేను గంగారెడ్డినే. మాది ఏర్గట్ల. నాయి పద్దెనిమిది సంచులుండాలె."

"నేను సుత గంగారెడ్డినే" అన్నాడు వెనకాయన. "నాయి ముప్పై."

"అవునమ్మా, లిస్టంతట్ల ఒక్కడే గంగారెడ్డా? మా వాడకట్టుల రాయి విసిరితే ముగ్గురికి తాకుతది!" అన్నాడు పెద్దమనిషి.

గోదావరిని గంగ అని మొక్కే సీమలో ఆ తల్లి పేరు పెట్టుకోని ఇల్లుండదు. ఊళ్లో పెద్ద గంగారెడ్డి, నడిపి గంగారెడ్డి, చిన్న గంగారెడ్డి అని పిలిచి గుర్తుపడతారు. చీటీ మీద మాత్రం అందరూ ఉత్త గంగారెడ్లే.

స్వర్ణలత చదవడం ఆపేసింది.

"సార్! నేను రైతు పేరు మీద జాగ పెట్టిన. ఒక పేరుకు ఒకటే జాగ. కొత్త గంగారెడ్డి వచ్చినప్పుడల్లా పాత గంగారెడ్డిని లేపి తను కూసుంటుండు! కంప్యూటర్‌కు అది తప్పు కానే కాదు, అందుకే ఎర్రర్ చెప్తలేదు!"

"అయితే ఏం జేస్తవు?"

"పేరు మీద కాదు, గేటు చీటీ నంబర్ మీద జాగ పెడ్త. నంబర్ ఇద్దరికి ఒకటే ఉండదు."

సార్ పైన ఫ్యాన్‌ను చూస్తూ నిలబడ్డారు. ఆమె రెండు లైన్లు మార్చింది, నడిపించింది. రెండు వందల పద్నాలుగు. లిస్టులో ఇరవై ఆరుగురు గంగారెడ్లు, వాళ్లలాగే మాయమైన రాజన్నలు, ఇంకా ఒకే పేరున్నవాళ్లందరూ, ఎవరి సంచులు వాళ్లవే. మెట్ల మీది గంగారెడ్లు ఇద్దరూ తమ లెక్క రెండుసార్లు చదివించుకుని మరీ దిగారు.

సోమవారం లారీలు పసుపు నింపుకుని కదిలాక భూమేశ్వర్ సేటు ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు. మూడు నెలల్లో ఆ కుర్చీ చూపించడం అదే మొదలు.

"వచ్చే నెల నుంచి నువ్వు పర్మనెంటు బిడ్డా. అసలు శనివారమే మీ సారుకు ఫోన్ జేసిన. జర వచ్చి సెట్ చేసిపో, ఇగ నెలనెల నువ్వే చూసుకో, జీతమిస్త అన్న. ఏమన్నడో ఎరికేనా?"

"ఏమన్నరు?"

"'నాకు పెర్ల్ రాదు సేట్. ఆర్మూర్ మొత్తంల వచ్చేది స్వర్ణలతకే. రెండు రోజులు ఆగుండ్రి' అన్నడు. రానోడు క్లాసెట్ల చెప్తుండో, ఆ ఫీజెట్ల తీసుకుంటుండో నాకైతే సమజ్ కాలే!"

స్వర్ణలతకు తాగుతున్న చాయ్ పొలమారింది.

సాయంత్రం మోర్తాడ్ బస్సు వదిలేసి, క్లాసుకు పోయింది. పిల్లలంతా వెళ్లిపోయారు. సార్ ఒక్కరే కిటికీలు మూస్తున్నారు.

"సార్, మీకు పెర్ల్ రాదంట?"

"ఎవలన్నరు?"

"మా సేటు. మీరే చెప్పిండ్రంట."

గంగాకిషన్ సార్ కిటికీ వదిలేసి, మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మెల్లగ మాట్లాడు తల్లీ. ఒకటో తారీఖు నుంచి కొత్త బ్యాచ్ ఉంది. వాళ్లు ఫీజు కట్టేదాక ఈ ముచ్చట బయట పెట్టకు."