లారీలను ఆపిన మెంతికూర

డిసెంబరు నెల, రెండో ఆదివారం, సాయంత్రం ఆరుంబావు. స్థలం: తారానగర్‌లో రోడ్డు పక్కన మా అద్దె ఇంటి ముందుగది. హాజరైనవారు: నేను, మా ఇంటామె (అంటే నా భార్య), కప్పగల్లు నుంచి వచ్చిన మా బామ్మర్ది, సండూరు బజారు సోల్డరింగ్ చాచా, లారీ డ్రైవర్లు ఆరుగురు, ఒక ట్రే నిండా మెంతి మొక్కలు. విషయం: తీర్పు.

నా డైరీలో ఆనాటి పుట ఇలా మొదలవుతుంది. (పదహారో ఏటి నుంచి రాస్తున్నాను. సర్కారీ ఆఫీసులో రికార్డుల గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడికి సభ్యుల హాజరు వేయకుండా జ్ఞాపకం రాయడం చేతకాదు, మన్నించాలి.)

ఆ రోజుల్లో మా బళ్ళారి వైపు ఇనుము గనులు జోరుగా నడిచేవి. పొద్దున లేచి తలుపు తీస్తే ఒకదాని వెనక ఒకటి ఖనిజం లారీలు, రాత్రి తలుపు వేసేటప్పుడూ అవే లారీలు. రోడ్డు ఎరుపు, గోడలు ఎరుపు, తెల్లావులు ఎరుపు. నేను ఆఫీసుకు తెల్లచొక్కాతో బయలుదేరి గులాబీ రంగు చొక్కాతో చేరేవాణ్ణి. మా ఇంటామె పెరట్లో వేసిన కొత్తిమీరను ఏడుసార్లు కడిగినా గిన్నెలో నీళ్ళు ఎర్రగానే ఉండేవి. మా ఇంట్లో కొత్తిమీర పచ్చడికీ టమాటా పచ్చడికీ రంగులో తేడా ఉండేది కాదు. నాకప్పటికి నలభై నిండలేదు. అప్పట్లో పెద్దవాణ్ణి అనుకునేవాణ్ణి గానీ, ఇప్పుడు ఆ వయసును కుర్రతనం కిందే జమకట్టుకుంటున్నాను.

ఒకరోజు ఆమె పచ్చడి గిన్నె నా ముందు పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఏమయ్యా, ఈడ ఉండేకి ఇంక నాతో కాదు. ఈ ఇంట్లో పెరిగిన ఆకు, కడిగితే ఎర్రనీళ్ళు రానిది, పిడికెడు నా చేతికిస్తివా సరి. నెల టైమిస్తాండా. లేదంటే మా తమ్ముడు పక్కిల్లు ఖాళీగానే పెట్టినాడు, కప్పగల్లుకి పోదాం" అంది.

ఆ తమ్ముడి, అంటే మా బామ్మర్ది సంగతి చెప్పాలి. రెండు లారీలతో మొదలుపెట్టి, చూస్తుండగానే ఏడు లారీలవాడయ్యాడు. మనిషి మంచివాడు, ప్రేమ కూడా ఎక్కువే. ఆ ప్రేమే నా భయం. ఒక ఉగాదికి వాళ్ళింట్లో మూడు రోజులున్నాను. తెల్లవారుజామున లేపి కొత్త టైల్సు చూపించాడు. వచ్చినవాళ్ళందరికీ "మా బావ ఆఫీసులో ఉంటాడప్పా, ఫారాలు నింపేదంటే ఆయనకి ప్రాణం" అని చెప్పి నన్ను వాళ్ళ ముందు కూర్చోబెట్టాడు. మూడు రోజుల్లో నలభై ఒక్క ఫారాలు నింపాను (డైరీలో లెక్క ఉంది). పక్కింట్లో కాపురమంటే జీవితాంతం ఉగాదే.

అప్పుడే ఒక వారపత్రికలో చదివాను: ఎండ లేకున్నా గదిలోపల ఎరుపు, నీలం ఎల్‌ఈడీ దీపాల కింద మొక్కలు పెరుగుతాయట. కిటికీలు మూసుకుంటే దుమ్ము రాదు, దీపం పెట్టుకుంటే ఎండ అక్కర్లేదు. కాగితం మీద నా బాధలన్నీ తీరిపోయాయి. పత్రిక చంకలో పెట్టుకుని సండూరు బజారులో రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ సోల్డరింగ్ చాచా అనేవారు.

చాచా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అంతా విన్నాడు. "అరే సార్, సూరజ్ ఉండాడు కదా పైన. బళ్ళారి ఎండలో మనుషులే వేగిపోతాండారు, నువ్వు ఎండ తయారు చేస్తానంటావు!"

"దుమ్ము చాచా."

"హా, దుమ్ము" అని ఆయన తన బల్ల మీద వేలితో ఒక గీత గీసి, ఎర్రబడ్డ వేలు చూసుకున్నాడు. ఇంకేమీ అడగకుండా లైట్లు ఏరడం మొదలుపెట్టాడు. ఎర్రవి అరవై, నీలం పదిహేను. "ఎర్రవి ఐదేసి ఒక వరస, నీలం మూడేసి ఒక వరస. ప్రతి వరసకి ఒక రెసిస్టర్. పన్నెండు వోల్టుల అడాప్టర్. జల్దీ చేయొద్దు సార్, మొదట గీసుకో."

గీసుకోవడం నాకు చెప్పాలా? మూడు రంగుల సిరాలతో నాలుగు పటాలు గీశాను. గీసిన తెలివి చిల్లులు వేసే దగ్గర ఆగిపోయింది. డెబ్బై అయిదు దీపాలకు నూట యాభై చిల్లులు కావాలి. వంటింట్లో అన్నం వార్చే చిల్లుల పళ్ళెం కనబడింది. దేవుడే పంపాడనుకుని దీపాల కాళ్ళన్నీ అందులోంచి దూర్చి, రెండు ఆదివారాలు వంగి వంగి అతికించి, ఇంటామెను పిలిచి స్విచ్ వేశాను. అడాప్టరు చిటపటమని పొగ వదిలింది. ఇంటి ఫ్యూజు పోయింది. ఆమె చూస్తున్న సీరియల్లో అత్త చెయ్యి ఎత్తినప్పుడే టీవీ ఆరిపోయింది. ఇనప వస్తువులో కరెంటు పారుతుందని ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు, పళ్ళెం విషయంలో గుర్తుకు రాలేదు.

"కొట్టిందో లేదో తెలియకుండా చేస్తివి కదయ్యా" అంది చీకట్లోంచి. తరవాత పళ్ళెం సంగతి తెలిసి ఇంకా చాలా అంది. (ఆ భాగం డైరీలో రాయలేదు.)

రెండోసారి పరీక్షల్లో కాగితం కింద పెట్టుకునే అట్టకు చిల్లులు వేశాను. ఈసారి వెలిగింది. గదంతా నేరేడుపండు రంగు! ఇంటామె చెయ్యి చాపి తన గాజుల మీద ఆ రంగు చూసుకుని, కోపం మరిచి నవ్వింది. నెల గడువు దీపం వెలిగిన రోజు నుంచి లెక్కపెట్టేట్టు ఒప్పించాను. పడకగదిలో పెడతానంటే "పడుకునే కాడ ఈ డిస్కో వద్దు" అంది కాబట్టి, రోడ్డు వైపు కిటికీ ఉన్న ముందుగదిలో బల్ల మీద ట్రే పెట్టి, జానెడు ఎత్తున దీపం వేలాడదీసి, మెంతులు చల్లాను. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా వెలగాలని నియమం. పగలు ఎవరికీ తెలియలేదు. పొద్దుగూకేసరికి మా కిటికీ అద్దం ఊదారంగులో మెరిసిపోయింది.

ఆ కాలంలో ఖనిజం దారి పొడవునా డాబాలు లేచాయి. రంగుల లైట్లు కనబడితే అక్కడ తినేకి ఉందని డ్రైవర్లకు గుర్తు. ఆరున్నరకు ఒక లారీ మా ఇంటి ముందు బుస్సుమని ఆగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న కంపిలి వైపు ముసలి డ్రైవరు నేరుగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"తినేకి ఊట ఏముండాదప్పా?"

"ఇది హోటల్ కాదు. ఈడ మెంతికూర పెంచుతాండాం."

"సరే, మెంతెం పప్పే పెట్టు. బేగ పెట్టు, లోడు ఉండాది."

"ఇంకా మొలవలేదు!"

ఆయన ట్రేలోకి తొంగిచూశాడు. వట్టి మట్టి. తల గోక్కుని, "అయితే మజ్జిగన్నా ఇయ్యి" అన్నాడు. ఇంటామె నవ్వు ఆపుకోలేక చెంబుతో మజ్జిగ ఇచ్చింది. అదే పొరపాటు. మరునాడు ఆయన ఇంకో ఇద్దరితో వచ్చాడు.

కిటికీకి దుప్పటి కట్టాను. పూల దుప్పటి. వెనక లైటు పడి మరింత హోటల్ కళ వచ్చింది. "ఇది హోటలు కాదు. లోపల మొక్కలు పెరుగుచున్నవి" అని తెలుగులో, కన్నడలో గుండ్రటి అక్షరాలతో బోర్డు రాసి తగిలించాను. దాన్ని చదవడానికి ఇంకో నలుగురు ఆగారు. ఎవరి దుమ్ము తప్పించుకోవడానికి ఆ దీపం పెట్టానో ఆ లారీలే వరసకట్టి మా గడప ముందు దుమ్ము దులపసాగాయి. ఆమె గడప తుడుస్తూ, "పోయే దుమ్మును పిలిచి కూచోబెడతాండావు కదయ్యా" అనేది. అంటూనే మజ్జిగ కోసం రెండింతలు పాలు తోడు వేసేది. లోపల మాత్రం, మూసిన కిటికీల వెనక, మెంతి లేచింది. నేను రోజూ స్కేలుతో కొలిచేవాణ్ణి. ముసలి డ్రైవరు లోడు దింపి వచ్చి, "ఈ పొద్దు ఎంతప్పా?" అని అడిగేవాడు.

గడువు నిండిన ఆదివారం రానే వచ్చింది. చాచాను సాక్షిగా పిలిచాను. బామ్మర్ది తీర్పు వినడానికి కొత్త కారులో దిగాడు. దిగి, అక్క ఇంటి ముందు లారీల వరస చూసి, అందులో రెండు తనవే అని గుర్తుపట్టి, జేబులోంచి ఫోను తీసి తన డ్రైవరుకు కలిపాడు.

"యాడుండావురా?"

"చెక్‌పోస్టు లైన్ల ఉండామన్నా. కదిలేకే లేదు." ఆ జవాబు బామ్మర్దికి ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో మా అరుగు మీది నుంచి వినిపించింది.

"చెక్‌పోస్టులో మజ్జిగ గూడ పోస్తాండారేంరా?"

ఇద్దరూ గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. చాచా దగ్గు వచ్చినట్టు నటించాడు.

ఇంటామె అవేవీ పట్టించుకోలేదు. తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసింది. కత్తెరతో మెంతికూర కోసింది; సరిగ్గా పిడికెడు. గిన్నెలో ముంచి, ఆడించి, పైకి తీసింది. పదిమందిమి వంగి చూశాం. నీళ్ళు ఎర్రబడలేదు. గిన్నె అడుగున పూసిన నీలం పువ్వు కూడా స్పష్టంగా కనబడింది.

"తాగేకి గూడ పనికొస్తాయమ్మా" అన్నాడు ముసలి డ్రైవరు గంభీరంగా.

"ఇంతంత ఆకు కోసం ఈ ఊర్లో ఉంటారా అక్కా?" అన్నాడు బామ్మర్ది.

"ఆ దుమ్ము పోసేది ఎవరి లారీలురా?" అంది ఆమె. వాడు కాసేపు కారు తాళాలు చూసుకున్నాడు.

ఆ పిడికెడు పప్పులో పడింది. అందరికీ పెట్టింది. బామ్మర్ది గరిటెతో రెండుసార్లు గాలించి, "ఆకు యాడుండాదక్కా?" అన్నాడు. డ్రైవర్లు మాత్రం వాసన అదిరిపోతాండాదని ఏకకంఠంతో చెప్పారు. వెళ్ళేటప్పుడు వాడు, "బావా, రేపు పొద్దున్నే ఖాళీ లారీ పంపిస్తా. సామాను ఎక్కించుకొని వచ్చేయండి" అన్నాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం లే" అంది.

ముప్పై రోజులు కష్టపడి ఒక పిడికెడు పండించినవాడికి ఆ "చూద్దాం"లో "పోదాం" అనే వినిపించింది. పండ్ల అంగడివాడు ఇచ్చిన నాలుగు ఆపిల్ పెట్టెలకు నంబర్లు వేశాను. ఒకటో నంబరు: పూజ సామాను. రెండు: గిన్నెలు. పెన్ను మూత పెట్టి, దిగులుగా పడుకున్నాను.

మరునాడు పొద్దున ఏడింటికి ఖాళీ లారీ వచ్చింది. అరుగు మీద దొరికిపోయిన ఇద్దరు డ్రైవర్లలో ఒకడు నడిపాడు. నేను ముందుగదిలోకి వెళ్ళేసరికి ఇంటామె ఒకటో నంబరు పెట్టెలో ప్లాస్టిక్ కాగితం పరిచి, సగానికి మట్టి నింపి, చపాతీ కర్రతో ధనియాలు నలుపుతోంది.

"అక్కా, సామాను యాడుండాది?" అన్నాడు డ్రైవరు గడపలో నిలబడి.

"సామాను ఏంది? ఆ లారీ తీసుకుపోయి వాగు మట్టి రెండు గంపలు తెచ్చియ్యప్పా. ఇది చాలేట్లు లేదు" అని, తలెత్తకుండానే నాతో, "ఏమయ్యా, పెట్టె వెడల్పుగా ఉండాది. నీ లైటు దీనికి సరిపోదు. ఇంకోటి చేస్తావా?" అంది.

అప్పుడు పళ్ళు కూడా తోముకోకుండా, కాఫీ మాట మరిచి, సోల్డరింగ్ కడ్డీ వేడెక్కిందో లేదో వేలితో ముట్టుకుని చూసిన ఆ మనిషి నేనేనంటే ఇవాళ నాకే నవ్వొస్తుంది. వేలు కాలింది. కేక పెట్టలేదు. అంత సంతోషంగా ఉన్నాడు పాపం.