ఎవరో ఒకావిడకి చీర

బండారులంకలో కొత్త పడుగు మగ్గమెక్కాలంటే కాంతమ్మ రావాల్సిందే. వేళ్ళకి బూడిద రాసుకుని, పాత పోగు కొసకి కొత్త పోగును మెలేసి అతుకుతుంది. ఆవిడ అతికింది ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

కోడలు పద్మశ్రీకి పెళ్ళయి చాలాకాలమైనా పిల్లల్లేరు. కాకినాడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఆమె అండాలు పనికిరావనీ, వేరే ఆడమనిషి అండమైతే కడుపు పండవచ్చనీ చెప్పింది. కొడుకు సత్యప్రసాద్ సరేనన్నాడు. పద్మశ్రీ మాత్రం అత్తగారు ఔనంటేనే వెళ్తానంది. పుట్టిన బిడ్డను ఈ ఇంట్లో పరాయిగా చూస్తే తను తట్టుకోలేదు.

“ఎవరంట ఆవిడ?” అడిగింది కాంతమ్మ.

“చెప్పరండీ. చట్టం ఒప్పుకోదంట.”

“ఏ కులమో, నలుపో తెలుపో తెలియకుండా ఎలాగమ్మా? మీ చెల్లి రమ్యశ్రీ లేదూ?”

“తెలిసినోళ్ళ దగ్గర తీసుకోరంటండీ.”

కాంతమ్మ వింటేనా! మర్నాడే ఆటో ఎక్కి పి.గన్నవరం వెళ్ళి, రమ్యశ్రీని అడిగేసింది. అదీ వరండాలో, ఆ పిల్ల అత్తగారి ఎదురుగానే. రమ్యశ్రీ తల దించుకుంది. అత్తగారు నవ్వింది.

“బాగుందండీ! రేపు పుట్టే బిడ్డ రాత్రిళ్ళు ఏడిస్తే ఎవరు లేవాలండీ? మీ కోడలా, మా కోడలా?”

“మా కోడలే లేస్తుంది! తొమ్మిది నెలలు మోసింది ఊరుకుంటుందేంటండీ?” అంది కాంతమ్మ రోషంగా. అన్నాక ఆ మాట తనకే వినబడింది. కాఫీ సగంలో వదిలేసి లేచింది.

ఇంటికొచ్చేసరికే పద్మశ్రీకి ఫోనొచ్చింది.

“చెల్లి పరువు తీసేరు అత్తయ్యగారూ. నేనింక ఏ ఆసుపత్రికీ వెళ్ళనండి,” అని మగ్గం మీద కూర్చుంది.

కాంతమ్మ రాట్నం దగ్గరకి జరిగి కండెలు చుట్టసాగింది. కాసేపయ్యాక, “ఆవిడ నలుపో తెలుపో డాక్టరమ్మనోసారి కనుక్కో,” అంది.

మగ్గం ఆగిపోయింది. “మళ్ళీ అదేనాండీ?”

“చీర పెట్టొద్దా మరి? అంత మేలు చేసినావిణ్ణి ఒట్టి చేతుల్తో పంపుతామా? పేరు చెప్పకపోతే మానె, ఆసుపత్రిలో ఇస్తే వాళ్ళే అందిస్తారు. ఛాయ తెలిస్తే రంగు ఎంచుదామని.”

పద్మశ్రీ అత్తగారి వంక చూసి, మెల్లగా అంది. “అదీ చెప్పరేమోనండీ.”

“అయితే అందరికీ నప్పేదే నేద్దాం. ఎప్పుడు రమ్మన్నారు?”

“సోమవారమండీ. మీరూ వస్తారా?”

“ఆయ్,” అని కాంతమ్మ రాట్నం ఆపి, రంగు నూలు చిలపలు దింపడానికి అటక కింద స్టూలు వేసుకుంది.