మాన్యువల్‌లో లేని ఎర్రర్ కోడ్

దెయ్యాల కథలు వింటే నాకు భయం కాదు, నవ్వొస్తుంది. చెన్నై షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎవరైనా ఎర్రర్ వచ్చిందంటే, మళ్ళీ రప్పించి చూపించమంటాను. చూపించలేకపోతే నమ్మను. ఇంట్లోనూ ఇదే మొండితనమని మా ఆయన ఫిర్యాదు. అందుకే ఇది చెప్పడానికి నాకే కాస్త సిగ్గుగా ఉంది.

మా మామయ్యకు, అంటే మా ఆయన వాళ్ళ నాన్నకు, చూలైలో మోటార్లకు కాయిల్ చుట్టే చిన్న వర్క్‌షాపు ఉండేది. రోజూ సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసి "యాడుండారు?" అని అడిగేది. ఆయన వర్క్‌షాపులో ఉన్నా, బస్సులో ఉన్నా, వీధి మలుపులో టీ తాగుతున్నా ఒకటే జవాబు: "ఈడ."

"ఈడంటే యాడ?" అని ఆవిడ కసిరేది.

"ఆడ గాదు, ఈడ."

ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వేవాళ్ళం.

ఆయన పోయి ఏడాది దాటింది. చివరి రోజుల్లో అత్తయ్యతో పదే పదే ఒకటే అన్నారు, "ముక్కుపుడక తీయబాకు" అని. తెల్లరాయి పుడక, పెళ్ళయిన కొత్తలో ఆయన కొనిచ్చింది. బంధువులు మూతులు విరిచినా ఆవిడ తీయలేదు.

పోయిన వానాకాలంలో మా ఆడబిడ్డ సీమంతం వచ్చింది. తొలి గాజులు అమ్మే తొడగాలని ఆడబిడ్డ పట్టుబట్టింది. భర్త పోయిన మనిషి తొడగడమేమిటని పెద్దవాళ్ళు గొణిగారు. అత్తయ్య వారం రోజులు ఆలోచించి, ఎలాగో ధైర్యం తెచ్చుకుని ఒప్పుకుంది.

సరిగ్గా సీమంతానికి ముందురోజు పొద్దున ముక్కుపుడక పోయింది.

స్నానాల గది, దిండు గలీబు, సింకు జల్లెడ, పూజ అలమర, అన్నీ వెతికాం. మా పదకొండేళ్ళ పాప మంచాల కిందకి దూరింది. మధ్యాహ్నానికి అత్తయ్య సోఫాలో కూర్చుండిపోయింది.

"ఇంక యెతకబాకండమ్మా. మీ మామే వద్దంటా ఉండాడు. నేను రేపు రాను, అంతే."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆడబిడ్డకు ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మూడు రోజులుగా ముసురు. బట్టలన్నీ డ్రైయర్‌లోనే ఆరబెడుతున్నాను. పొద్దున అత్తయ్య నూలు చీర కూడా అందులోనే వేసి తీశాను. ఇక్కడొకటి చెప్పాలి. ఆ డ్రైయర్ మేం కొన్నది మామయ్య పోయాక. ఆయన దాన్ని చూడనేలేదు.

అత్తయ్య ఆ మాట అన్న కాసేపటికి, తువ్వాళ్ళు వేసిన డ్రైయర్ మూడుసార్లు కూతపెట్టి ఆగిపోయింది. మీద ఏదో కోడ్ వెలిగింది.

ఫోన్లో మాన్యువల్ తీశాను. తలుపు సరిగా పడకపోతే ఒక కోడ్, ఫిల్టర్‌లో పీచు నిండితే ఒకటి, వేడి మితిమీరితే ఒకటి. నాకు కనబడుతున్నది మాత్రం అందులో లేదు. ప్లగ్ తీసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, మా మెషీన్లలో అక్షరం తర్వాత అంకెలే వస్తాయి, మూడక్షరాల కోడ్ లేదు, సరిగా చూడండి మేడమ్ అన్నారు.

"ఏమొస్తా ఉందిరా దాంట్లో?" అని అత్తయ్య సోఫాలోంచే అడిగింది, మాటవరసకు.

పాప వెళ్ళి చూసి గట్టిగా చదివింది. "E, d, A. ఈడ. అవ్వా, ఈడ అని వస్తా ఉంది!"

నేను అప్పటిదాకా అందులో ఇంగ్లీషు అక్షరాలే చూశాను.

అత్తయ్య లేచి వచ్చింది. పమిట సర్దుకుని డ్రైయర్ ముందు నిలబడి, ఎన్నో ఏళ్ళు ఫోన్లో కసిరిన గొంతుతోనే అడిగింది.

"ఈడంటే యాడ?"

అందులో ఏమీ లేదని చూపించడానికే నేను తలుపు తెరిచాను. డ్రమ్ములో తువ్వాళ్ళు తప్ప ఏమీ లేవు. పీచు ఫిల్టర్ పైకి లాగాను, అందులోనూ లేదు. ఫిల్టర్ కూర్చునే సందులోకి ఫోన్ టార్చి వేశాను. అడుగున, బూడిదరంగు పీచులో, తెల్లగా ఒక మెరుపు.

అత్తయ్య ఏడ్చింది, నవ్వింది, డ్రైయర్‌ని చేత్తో ఒక్కటి వేసింది. "ఎప్పుడూ ఇంతే ఈ మనిషి. నేను అడగందే చెప్పడు!" పాప ఎగిరి గంతులేసింది. నా ఒళ్ళు జలదరించింది, అబద్ధం చెప్పను. కానీ భయంతో కాదు.

తలుపు వేసి నొక్కితే డ్రైయర్ ఏ కోడూ చూపకుండా తిరిగింది.

మర్నాడు సీమంతంలో అత్తయ్య అందరికంటే ముందు నిలబడి కూతురి చేతులకు గాజులు తొడిగింది. గొణిగేవాళ్ళు గొణిగారు. ఆవిడ వాళ్ళవైపు చూడను కూడా చూడలేదు. ఆరోజు ఆవిడ ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ మళ్ళీ తలుచుకుంటాను.

తర్వాత నా పద్ధతిలో నేను పరీక్షించాను. ఆ సందులో అంతే ఉన్న చిన్న మరమేకు వేసి తిప్పాను, ఏ ఎర్రరూ రాలేదు. ఫిల్టర్‌కు గుడ్డ అడ్డం పెట్టాను, మాన్యువల్‌లో ఉన్న కోడే వచ్చింది. ఆరోజు ఆ కోడ్‌కు నేను తీసిన ఫోటోలో గీతలు తప్ప అక్షరాలు పడలేదు. చూసినవాళ్ళం మాత్రం ముగ్గురం.

సోమవారం మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, నిదానస్తుడు. గంటసేపు విప్పి చూసి, దీంట్లో లోపమేమీ లేదన్నాడు. అయినా వారంటీ ఉంది కాబట్టి డిస్‌ప్లే బోర్డు మార్చేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

"మార్చేస్తే ఇంక ఎప్పటికీ అది రాదు మేడమ్," అని తమిళంలో నచ్చజెప్పబోయాడు.

అందుకే వద్దన్నానని అతనికి ఎలా చెప్పను?