‘నటన’ అని రాసిన కంటి కాగితం

1992 ఏప్రిల్‌లో నన్ను గుంటూరు వైపు నుంచి సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి బదిలీ చేశారు. నా హోదా ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్. అంటే కంటి డాక్టరునీ కాదు, నర్సునీ కాదు. చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, వచ్చిన అంకెలు ఓపీ చీటీ మీద రాసి డాక్టరు బల్ల మీద పెట్టడం మా పని. ఆ అంకెల కింద రోగం పేరు రాసేదీ, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేదీ డాక్టరు. పని ఇలా పంచుకోవడంలో తప్పు లేదు. కాకపోతే మేము తప్పు కొలిస్తే పైవాళ్ళకి తెలిసే దారి లేదు, పైవాళ్ళు తప్పు తేలిస్తే మాకు నోరు లేదు. ఈ రెండూ ఒకే రోజు ఒకే మనిషి నెత్తిన పడడం నేను చూశాను. చూశాను అనడం కూడా సరి కాదు, అందులో సగం నా చేతి పనే.

మే నెల. స్వరూప అనే అమ్మాయి ఆఫీసు ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఆరో నెల కడుపు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. నెలాఖరుకి ప్రొబేషన్, అంటే ఉద్యోగం ఖాయం చేసే ముందు పెట్టే పరీక్షా కాలం, పూర్తవుతుంది. రెండు నెలలుగా టైపులో తప్పులు పెరిగాయనీ, ఈమె చూపు ఈ పనికి తగునో తగదో రాసి పంపమనీ ఆమె ఆఫీసరు అడిగాడు. మేము రాసే ఒక్క వాక్యం మీద ఆ పిల్ల ఉద్యోగం నిలబడి ఉంది.

తోడు వచ్చిన అత్తగారి పేరు బాలమణి. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. నేను అడగకుండానే మొదలుపెట్టింది. “రెండు నెలల సంది గిదే తక్లీఫ్ బిడ్డా. కండ్లల్ల ఇసుక వోసినట్టున్నదంటది, పొద్దుగూకెతాలకు ఎర్రగైతయి. కాన్పుల డాక్టరమ్మను అడిగితె కండ్లోళ్ళ తాన పొమ్మన్నది. ఈడికొస్తె కాన్పయినంక రమ్మన్నరు. మేం ఏడికి పోవాలె?”

ఆ మాట అప్పుడే నా చెవిన పడాల్సింది. రెండు నెలల కిందట ఎవరో ఒకరు ఐదు నిమిషాలు చూసి ఉంటే ఈ ఉత్తరం పుట్టేదే కాదు. గోటితో పోయేదాన్ని మావాళ్ళే గొడ్డలి దాకా తెచ్చారు. కానీ ఆ రోజు బయట బారు గుమ్మం దాటి ఉంది. ఆవిడని బయట కూర్చోమన్నాను.

చూపు కొలిచే పద్ధతి చాలామందికి తెలిసిందే. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల చార్టు ఉంటుంది. అన్ని వరుసలూ చదివితే 6/6, అది మామూలు చూపు. 6/18 అంటే, బాగున్న కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివేది ఈ కన్ను ఆరు మీటర్ల నుంచి గానీ చదవలేదని లెక్క. కళ్ళు చికిలిస్తే లేని చూపు కాస్త ఉన్నట్టు వస్తుంది కాబట్టి, చికిలించనివ్వొద్దని మాకు శిక్షణలో నూరిపోశారు. ఏళ్ళు గడిచేకొద్దీ, బారు పెరిగేకొద్దీ, నా నోట్లో ఆ మాట మారిపోయింది. “కళ్ళు పెద్దవి చెయ్యి, రెప్ప ఆర్పకు” అని అరిచేదాన్ని. రెండూ ఒకటేననుకున్నాను.

స్వరూప మాటిమాటికీ రెప్పలార్పింది. రెండుసార్లు కసిరాను. “కండ్లు మండుతున్నయి మేడం” అంది. “ముందు చదువు, తర్వాత మండించుకుందువుగాని” అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అన్న మాట అన్నట్టే రాయాలి. పాపం, కళ్ళు పెద్దవి చేసి నిలబెట్టింది. రెండు కళ్ళకీ 6/18 వచ్చింది. ఏ అద్దం వేసినా ఒక క్షణం బాగుందంటుంది, మరుక్షణం లేదంటుంది. ‘అద్దాలతో మెరుగు లేదు’ అని రాసి లోపలికి పంపాను.

లోపల మా కంటి డాక్టరు, హోదా సివిల్ సర్జన్. టార్చి వేసి చూశారు, కంటి వెనక పొర చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. కంటి పైపొరను పెద్దది చేసి చూపించే స్లిట్ ల్యాంపు ఆయన మోచేతి పక్కనే గుడ్డ కప్పుకుని ఉంది. ఆ గుడ్డ తీయలేదు. “ఎన్నో నెల?” అని అడిగారు. ఆరో నెల అంది. ఆయన నా వైపు తిరిగి నవ్వారు. “ఇంకేముంది రత్నకుమారీ, ఇంట్లో కూర్చుని జీతం తినాలని” అన్నారు. సర్టిఫికెట్ మీద చూపు తగ్గడానికి కారణం కనబడలేదనీ, నటన కావచ్చనీ, ప్రస్తుతం టైపు పనికి తగదనీ ఇంగ్లీషులో రాసి సంతకం చేశారు. మొత్తం ఒక్క నిమిషం పని.

ఆ కాగితానికి నంబరు వేసి ముద్ర కొట్టే గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. అత్తాకోడళ్ళు వరండాలో కూర్చున్నారు. నేను అటుగా వెళ్తుంటే గేటు అవతల బస్సొచ్చి ఆగింది. బాలమణి లేవబోయింది. స్వరూప రెండుసార్లు రెప్పలు కొట్టి అటు చూసి, “అది తిరుమలగిరి దాకనే అత్తమ్మా, అల్వాల్ పోదు” అంది. బస్సు బోర్డు మీది అక్షరాలు అంత దూరం నుంచి నాకే సరిగా ఆనలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరుగారన్నదే నిజమన్నమాట! “అక్కడ కనబడనిది ఇక్కడెలా కనబడింది?” అని నిలదీశాను.

స్వరూప బెదిరిపోయి లేచి నిలబడింది. “రెప్పలు కొడితె సాఫ్‌గ కనవడ్తది మేడం. జెరసేపటికి మల్ల మసకైతది. మీరే గద రెప్ప ఆర్పొద్దన్నరు. మండుతున్నయని సుత చెప్పిన.”

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఈసారి నీ ఇష్టం వచ్చినట్టు రెప్పలార్పుకో అన్నాను. చివరి వరుస దాకా గడగడా చదివింది. ఆర్పకుండా ఆగమంటే నాలుగైదు సెకన్లకే అక్షరాలు అలుక్కుపోయాయి. కంటి తడి కొలిచే చీటీలు మా స్టోర్‌లో లేవు. ల్యాబ్ నుంచి వడపోత కాగితం తెచ్చి ఐదు మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి, కొస మడిచి కింది రెప్పకి తగిలించాను. ఐదు నిమిషాల్లో కనీసం పది మిల్లీమీటర్లు తడవాలి. నాలుగే తడిసింది.

కడుపుతో ఉన్నప్పుడు కొందరికి కన్నీటి పొర పల్చబడుతుంది. దానికి మే నెల ఎండ, నెత్తి మీద ఆఫీసు ఫ్యాను, రెప్ప వేయడం మరిచిపోయి చేసే టైపు పని తోడయ్యాయి. రెప్ప పడినప్పుడల్లా పొర పరుచుకుంటుంది, క్షణాల్లో ఆరిపోతుంది, చూపు మసకబారుతుంది. ఇందులో నటన ఎక్కడుంది?

చీటీలు తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. “రాసింది రాసిందే. రోగం పేరు చెప్పే అధికారం నీకెవరిచ్చారు? కాన్పయ్యాక చూద్దాంలే” అన్నారు. కాన్పయ్యే నాటికి ఆ పిల్లకి ఉద్యోగం ఉండదు. పైగా ‘నటన’ అన్న ముక్క ఆమె ఫైల్లో పడితే ఇంకో ఆఫీసు కూడా గడప తొక్కనివ్వదు.

రోగం పేరు చెప్పే అధికారం నాకు లేదు, నిజమే. నా కొలత తప్పని ఒప్పుకునే అధికారం ఉంది. ఓపీ చీటీ మీదా రిజిస్టర్‌లోనూ ఎర్ర సిరాతో రాశాను: ‘మొదటి కొలత నా పొరపాటు. రెప్ప ఆర్పనివ్వకుండా తీసుకున్నాను. ఆర్పనిస్తే రెండు కళ్ళూ 6/6. చీటీ తడి నాలుగు మిల్లీమీటర్లు.’ కింద సంతకం, హోదా, టైము. కొలిచిన మనిషే కొలతని వెనక్కి తీసుకున్నాక దాని మీద నిలబడ్డ సర్టిఫికెట్ చెల్లదు. డాక్టరు స్వయంగా మళ్ళీ చూడాల్సిందే. “ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?” అన్నారాయన. అన్నాక, స్లిట్ ల్యాంపు మీద గుడ్డ తీశారు.

పది నిమిషాలు చూశారు. గర్భం వల్ల తాత్కాలికంగా కళ్ళు పొడిబారాయనీ, పనికి తగుననీ, మధ్యమధ్య కళ్ళకి విశ్రాంతి ఇవ్వాలనీ కొత్త సర్టిఫికెట్ రాశారు. పాతదాన్ని అడ్డంగా కొట్టేశారు. స్వరూపకి గానీ, ముసలావిడకి గానీ ఒక్క మాట చెప్పలేదు. మూడో రోజు నాకు మెమో వచ్చింది, నిర్లక్ష్యంగా కొలిచినందుకు సంజాయిషీ ఇమ్మని. అది న్యాయమే, ఇచ్చాను. గుడ్డ తీయనందుకు ఆయన్ని ఎవరూ సంజాయిషీ అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్వరూపకి కృత్రిమ కన్నీటి చుక్కలు ఇప్పించాం. కడుపుతో ఉన్నా వాడవచ్చని కాన్పుల డాక్టరమ్మ చేత కూడా చీటీ మీద రాయించాను. కుర్చీ ఫ్యాను కింది నుంచి జరుపుకో, ఒక్కో వరుస కొట్టాక రెప్పలు ఆర్పు, మూసిన కళ్ళ మీద తడిగుడ్డ వేసుకో అని చెప్పాను. “రెప్పలు కొట్టుడు సుత మందేనా బిడ్డా?” అంది బాలమణి. మందేనన్నాను. “గా ముక్క పొద్దుగాల్నే చెప్తె అయిపోవు గద” అంది. నెలాఖరుకి స్వరూప ఉద్యోగం ఖాయమైంది. కాన్పయిన కొన్నాళ్ళకి కళ్ళు కూడా తేరుకున్నాయి.

నిజం చెప్పిన మనిషిని నటిస్తోందని రాయడానికి డాక్టరుగారికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషానికి కావలసిన అంకె ఇచ్చింది నేను. రిటైరయ్యే దాకా చార్టు ముందు చికిలించొద్దనే అన్నాను గానీ, రెప్ప ఆర్పొద్దని మళ్ళీ ఎవరినీ అనలేదు. కళ్ళు మండుతున్నాయని ఎవరన్నా అంటే కొలత ఆపి, అంకె కంటే ముందు ఆ మాటే చీటీ మీద రాశాను.