మా మేనేజర్ నాయనమ్మ అరిచిన అరుపు

నేనన్నది ఒక్క మాటే. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా ఆఫీసు, మార్చి నెల, గురువారం మధ్యాహ్నం. ఐర్లండ్ వాళ్ల పండగని మా మేనేజర్ ఆకుపచ్చ టై కట్టుకొచ్చాడు. ఎండుద్రాక్ష వేసి ఇంట్లో కాల్చిన రొట్టె తెచ్చి అందరికీ కోసి పెడుతున్నాడు. అరవై దాటిన మనిషి. నేను పాలు పోసుకుని టీ తాగుతుంటే చూసి, "మా ఇంట్లోనూ ఇలాగే తాగుతాం" అన్నాడు.

నేను నవ్వుతూ, "తాగరా మరి? మాకు అలవాటు చేసిందే మీవాళ్లు కదా, రెండు వందల ఏళ్లు మమ్మల్ని ఏలి!" అన్నాను.

ఆయన చేతిలో కత్తి ఆగింది.

"ఆ ఇంగ్లండ్ వాళ్లు మావాళ్లు కాదు. మమ్మల్ని ఏలిందీ వాళ్లే. మీకంటే చాలా ముందునుంచీ."

రొట్టె అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ గదిలోనే, ఆయన టేబుల్ మీద, నా వీసా ఎక్స్‌టెన్షన్‌కి కావలసిన లెటర్ సంతకం కోసం ఉంది. శుక్రవారం ఆయన నావైపు రాలేదు. నాకు ముద్ద దిగలేదు.

"ఆయన ఏమీ అనకముందే నువ్వు పెట్టె సర్దేట్టున్నావే," అన్నాడు మా ఆయన. "సోమవారం పోయి సారీ చెప్పు. మెయిల్ పెట్టొద్దు, ఎదురుగా నిలబడి చెప్పు."

సారీ దేనికో తెలియాలి కదా అని శనివారం లైబ్రరీకి వెళ్లాను. పిల్లల విభాగంలో ఐర్లండ్ చరిత్ర ఒకటి దొరికితే అక్కడే చిన్న కుర్చీలో కూర్చుని చదివాను. బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం దారుల్లో చచ్చిపోతుంటే, రేవుల నుంచి ధాన్యం ఇంగ్లండ్‌కి పోతూనే ఉందట. మా అనంతపురంలో పెద్దవాళ్లు తెల్లదొరల కాలంలో వచ్చిన ధాత కరువు గురించి చెప్పిన మాటలే చదువుతున్నట్టు అనిపించింది. సిగ్గేసింది.

సోమవారం సాయంత్రం ఆయన గది తలుపు తట్టాను. "క్షమించండి, తెలియక అన్నాను" అని, చదివింది కూడా చెప్పాను. ఆయన కుర్చీ చూపించాడు.

"కోపం వచ్చిన మాట నిజమే. సాయంత్రానికి పోయింది. మా నాయనమ్మ అన్నదాని ముందు నీది ఎంత?"

1916లో ఆమెకు పదహారేళ్లట. వాళ్లుండే డబ్లిన్‌లో కొందరు ఇంగ్లండ్ మీద తిరగబడి, పోస్టాఫీసు ఆక్రమించుకుని, ఇక మాది స్వతంత్ర దేశం అని ప్రకటించారు. వారం పాటు కాల్పులు. కొట్లు మూతబడ్డాయి, ఇంట్లో రొట్టె లేదు. చివరికి లొంగిపోయినవాళ్లను ఇంగ్లండ్ సైనికులు వీధి వెంట నడిపించుకు పోతుంటే, జనంతో కలిసి ఆమె కూడా అరిచింది: "మీవల్లే మా తమ్ముడు ఆకలితో ఏడుస్తున్నాడు, మిమ్మల్ని కాల్చి పారెయ్యాలి!"

"నిజంగానే కాల్చేశారు," అన్నాడాయన. "ఒకరోజు కొందరిని, మరోరోజు ఇంకొందరిని. గాయాలతో నిలబడలేని ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. దాంతో తిట్టిన ఊరే వాళ్లవైపు తిరిగింది. మా నాయనమ్మ మాత్రం ఆ అరుపు మర్చిపోలేదు. చనిపోయినవాళ్ల ఇళ్లకు పోయి తప్పు ఒప్పుకుందామని ఎన్నోసార్లు బయలుదేరి, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేదట. తర్వాత అమెరికా వచ్చేసింది. నువ్వు నయం, తలుపు తట్టావు."

ఆయన సొరుగు తెరిచి ఒక కవరు నా ముందుకు తోశాడు. "నీ లెటర్. శుక్రవారం పొద్దున్నే సంతకం పెట్టాను. మీటింగులతో ఇవ్వడం కుదరలేదు."

మూడు రోజులు నేను పడ్డ పాట్లు తలుచుకుని పెద్దగా నవ్వేశాను. ఆయనా నవ్వాడు. పార్కింగ్‌లోకి వెళ్లి, కార్‌లో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమన్నాడు?"

"వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పాడు. లెటర్ ఇచ్చేశాడు. నాకు ఆకలేస్తోంది, అన్నం వండి పెట్టు, వచ్చేస్తున్నా."