మామా గారి బోలిష్ రికార్డు

రికార్డు మీద సూది ఆనగానే, రేకు మీద మేకుతో గీరినట్టు కీచుమని శబ్దం వచ్చింది చూడండి, మా ఇద్దరి ఉద్యోగాలూ పోవడం అప్పుడే నా కళ్లకు కట్టింది. ఆ రోజుల్లో నేను ఫహాహీల్‌లో ఒక కువైటీ పెద్దావిడ ఇంట్లో పగటి పనికి కొత్తగా కుదిరాను. మా ఆయనకు దజీజ్ పేటలోని ఒక గోదాములో పని ఇప్పించింది కూడా ఆ మామాయే (ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు). బీకాం చదివానని నాకో ధీమా. ఇక్కడివాళ్ల నోట 'ప' పలకదనీ, 'బ' అవుతుందనీ రెండో రోజుకే కనిపెట్టాను (బార్కింగ్ అంటే పార్కింగ్). అందుకే ఆ మధ్యాహ్నం మామా ఒక పాత గ్రామఫోన్ రికార్డు చేతికిచ్చి, "ఇది బోలిష్. నాలుగు ఫిడేళ్ల సంగీతం. ఫ్రెండ్స్ వస్తారు, రెడీ చెయ్, యల్లా, తొందరగా" అనగానే, బల్లలకు పూసే నిమ్మవాసన పాలిష్ తెచ్చి, ముఖం కనబడేదాకా రుద్దాను.

కీచు వినగానే వంటింట్లోకి పరిగెత్తి మా ఆయనకు ఫోన్ చేశాను.

"రికార్డుకు పాలిష్ పట్టినా. తోక తొక్కిన పిల్లి మాదిరి అరుస్తాండాది."

"పట్టమని ఎవురు చెప్పినారు మే?"

"మామానే. బోలిష్ అనె."

"పాలిష్ కాదు, పోలిష్. అంటే పోలండ్ దేశానిది మే. ఆన్నుంచి మా గోదాముకు పెట్టెలొస్తాయి."

"దేశానికి పెట్టే పేరేనా అది?"

హాల్లో శబ్దం ఆగింది. ఖలాస్, అనుకున్నాను. మళ్లీ మొదలైంది. ఈసారి సూది ఒకేచోట చిక్కుకుని 'టక్-కీ, టక్-కీ' అంటోంది. నిజం చెప్పేద్దామని టీ ట్రేతో వెళ్లాను. అతిథులు కళ్లు మూసుకుని ఆ టక్-కీకి తలలూపుతున్నారు. వాళ్లనే చూస్తూ నడవబోతే నా ట్రే రికార్డు ప్లేయర్ ఉన్న బల్లకు తగిలింది, సూది ఎగిరి చివర పడింది, పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన, ఎన్నేళ్లుగానో వింటున్నా ఇది ఇంత ధైర్యంగా ఎప్పుడూ పలకలేదన్నాడు.

"మామా," అన్నాను, ట్రే కింద పెట్టి, "పాలిష్."

మామా ముఖం వెలిగిపోయింది. "విన్నారా? మా పనమ్మాయికి కూడా తెలుసు. బోలిష్."

(ఆ రికార్డును తర్వాత ఎవరూ వినలేదు. నేను తుడిచినప్పుడల్లా దానికి దణ్ణం పెట్టేదాన్ని.)

మర్నాడు పొద్దున బడి బూట్లకు పాలిష్ రాస్తూ పిల్లలకు చెప్పాను: "ఎవురన్నా ఏదన్నా చెబితే, తెలిసినట్టే ఉన్నా ఇంకోసారి అడగండి."

"ఏమని అడగాల మా?" అంది పెద్దది.

"అది పనా, దేశమా అని."